పాత కటకము - క్రొత్త కెమెరా



ఇంటిలోని వస్తువును పాడు చేయక, ఉన్నదానితో పని గడుపుకొనుట గృహిణికి పెట్టని సొమ్మని పెద్దలందురు. చినిగిన పట్టుచీర అంచును విప్పి రవికెకు కుట్టుకొందుము. చిల్లిపడిన ఇత్తడిబిందెకు మాటు వేయించుకొందుము. కాని పెట్టె యడుగున మూలుగుచున్న పాత కెమెరా కటకముల మాట వచ్చునప్పటికి మాత్రము, ‘అవి యీకాలపు డిజిటల్ కెమెరాలకు పనికిరావు’ అని తేలికగా త్రోసివేయుదుము. మేమును కొన్నియేండ్ల క్రిందటివఱకు అట్లే తలంచితిమి. ఆ తలంపు తప్పని మాకు తెలిసిన విధమును, తెలిసికొనుటలో మేము చేసిన పొరపాటును, మీలో కొందఱికైనను ఉపయోగపడునని యిచట వ్రాయుచున్నాము. అందఱును లెన్సు అని పిలుచుదానినే మేము కటకమనుచున్నామని గ్రహింపగోరెదము.

మా కాపురము నెల్లూరు సముద్రతీరపు పల్లెలలో నొకటి. మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంటికి తూర్పున సరుగుడుతోపులు, ఇసుకదిబ్బలు, వానికావల సముద్రము. దక్షిణముగా పోయినచో నేలపట్టు, పులికాటు సరస్సు, శ్రీహరికోట. 2022లో జిల్లాలను మరల విభజించినపుడు సూళ్లూరుపేట ప్రాంతము తిరుపతి జిల్లాలో చేర్పబడినను, మావంటివారి నోట నది యింకను నెల్లూరు సీమయే. చలికాలము వచ్చునప్పటికి నేలపట్టు చెఱువులోని చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. ఆ చోటు 1976లో పక్షులకు అభయారణ్యముగా ప్రకటింపబడెను. మన దేశమునందలి ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత పెద్దదియైన పులికాటులో, మనవారు రాజహంసలని పిలుచు ఫ్లెమింగోలు బారులు తీర్చి మేయుచుండును. ఆ పక్షుల పేరిట సూళ్లూరుపేటలో పండుగయు జరుపుదురు. 2025 జనవరిలో మేమును పోయి చూచి వచ్చితిమి.

మా చిరంజీవినికి చిన్ననాటినుండియు పక్షులన్న ప్రాణము. చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచున్న మా తమ్ముడు తాను వాడి విడిచిన సోనీ కెమెరా నొకదానిని మేనకోడలికి కానుకగా నిచ్చెను. దానితోకూడ వచ్చిన కటకము ఇంటిలోని వారిని, వాకిటి ముగ్గులను తీయుటకు చాలును. నేలపట్టులో చెఱువునడుమ చెట్టుపై గూర్చున్న గూడబాతు మాత్రము అందులో ఆవగింజయంతయై కనబడెను. దూరపు వస్తువును దగ్గఱగా జూపు క్రొత్తకటకము ధర విచారింపగా, అది మావారి రెండు నెలల జీతమునకు మించెను. బిడ్డ ముఖము చూడలేక, మాకు పుట్టినింటివారు పెట్టిన రెండుపేటల గొలుసును కుదువబెట్టుదమని మేమంటిమి.

ఆ మాట అత్తగారి చెవిని బడెను. “అమ్మాయీ! గొలుసు జోలికి పోకుము. మీ మామగారి కెమెరా మూట ఉండనే యున్నది గదా. ముందది విప్పి చూడుడు” అనిరి.

మా మామగారును ఉపాధ్యాయులే. ఫిలిము దినములలో నికాన్ ఎఫ్‌ఎమ్ 2 అను కెమెరాను, 50 మిల్లీమీటర్లది యొకటి, 135 మిల్లీమీటర్లది యొకటి, రెండు కటకములను కడుపు కట్టుకొని కొనిరట. వారు స్వర్గస్థులైన పిమ్మట అత్తగారు వానిని పట్టుగుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకుపెట్టెలో దాచిరి. ఏండ్ల తరబడి ఆ మూట విప్పినవారు లేరు. మావారు దానిని చూచి, “అది నికాన్, ఇది సోనీ. ఒకరి తాళమునకు వేఱొకరి చెవి యెట్లు పట్టును?” అని నిట్టూర్చిరి. వారి సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము వెదకుటలోనే యీ విషయమంతయు మాకు బోధపడెను.

కటకమునకును సెన్సరునకును నడిమి దూరము

పూర్వకాలమున నీ చిక్కే లేదు. హైదరాబాదులో నిజాము కొలువున ప్రఖ్యాతి గాంచిన లాలా దీనదయాళ్ 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ స్టూడియో నెలకొల్పి, దానిని నడుపుటకు ఆంగ్లేయవనిత నొకతెను నియమించెను. ఆ దినములలో కెమెరా యనగా కఱ్ఱపెట్టె. ముందు కటకము, వెనుక గాజుపలక, నడుమ కొలిమితిత్తివలె ముడుచుకొనుచు సాగుచుండు తిత్తి. కటకమును చిన్న చెక్కకు బిగించి, ఆ చెక్కను పెట్టెకు తగిలించెడివారు. కటకము ఏ దేశమునందు పుట్టినదైనను, ఎవరు చేసినదైనను, చెక్కకు తగిన రంధ్రము చేసికొని, బొమ్మ స్పష్టపడువఱకు తిత్తిని ముందునకు వెనుకకు జరిపిన చాలును.

తరువాత చేతిలో పట్టు లోహపు కెమెరాలు వచ్చెను. తిత్తి పోయెను. కటకము ఆనుకొను లోహపు అంచునకును, ఫిలిమునకును నడిమి దూరము ఒక్కొక్క సంస్థవారు ఒక్కొక్క విధముగ నిర్ణయించుకొనిరి. కటకమును తగిలించు గాళ్లును వేఱువేఱయ్యెను. ఈ కూర్పునకే మౌంటు అని పేరు. 1949 నాటి ఎమ్ 42 అను మరచుట్టు మౌంటును పలుదేశముల సంస్థలు వాడుకొనెను. నికాన్‌వారి ఎఫ్ మౌంటు 1959లో వచ్చెను. పెంటాక్స్‌వారి కె మౌంటు 1975లో వచ్చెను. కెనాన్‌వారు 1971 నాటి తమ ఎఫ్‌డీ మౌంటును విడిచి 1987లో ఇఎఫ్ అను క్రొత్తదానిని తెచ్చిరి. అంతవఱకు కొన్నవారి ఎఫ్‌డీ కటకములు ఆ సంస్థవారి క్రొత్త కెమెరాలకే పట్టకపోయెను.

ఈ కెమెరాలలో కటకము వెనుక వాలుగా నొక అద్దముండెడిది. కటకమునుండి వచ్చు వెలుగును అది పైకి మఱలించి కంటికి చూపును. మీట నొక్కినపుడు పైకి లేచి వెలుగునకు దారి యిచ్చును. అద్దము లేచుటకు చోటు కావలెను గనుక కటకము ఫిలిమునకు నలువది మిల్లీమీటర్లకు పైబడి దూరమున నుండవలసి వచ్చెను. 2008 మొదలుకొని అద్దము లేని డిజిటల్ కెమెరాలు వచ్చినవి. వీనినే మిర్రర్‌లెస్ అందురు. అద్దము పోవుటతో ఆ చోటు ఖాళీ యయ్యెను. ఆ ఖాళీయే పాతకటకములకు మరల దారి తెఱచినది.

కొన్ని లెక్కలు చెప్పెదము. కటకపు అంచునుండి ఫిలిమునకు ఉండవలసిన దూరము నికాన్ ఎఫ్ మౌంటునకు 46.5 మిల్లీమీటర్లు, ఒలింపస్ ఓఎమ్‌కు 46, పెంటాక్స్ కె, ఎమ్ 42 రెండింటికిని 45.46, కెనాన్ ఇఎఫ్‌కు 44, మినోల్టావారి పాత మౌంటునకు 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. ఇక అద్దము లేని కెమెరాలలో సెన్సరు దూరము కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20. సోనీ ఇ మౌంటునకు 18. ఫ్యూజీ ఎక్స్‌కు 17.7, నికాన్ జెడ్‌కు 16 మిల్లీమీటర్లు.

సూత్ర మొక్కటే. కటకపు లెక్క కెమెరా లెక్కకన్న పెద్దదిగా నుండవలెను. ఆ రెండింటి తేడా యెంతయో అంత మందముగల లోహపు వలయమును నడుమ నుంచినచో కటకము తన పుట్టినింటిలో నున్నంత దూరముననే మెట్టినింటిలోను నిలుచును. ఆ వలయమునకే అడాప్టరు అని పేరు. మా విషయమున 46.5లో 18 తీసివేయగా 28.5 మిల్లీమీటర్లు. వట్టి లోహపు వలయము. లోపల గాజు లేదు, యంత్రము లేదు. గుండ్రని అడుగుగల కుండ నేలపై నిలువదు. దానిక్రింద చుట్టకుదురు పెట్టినచో కదలక కూర్చుండును. అడాప్టరు కటకమునకు చుట్టకుదురు వంటిది.

కటకపు లెక్క చిన్నదై కెమెరా లెక్క పెద్దదైనచో నీ యుపాయము సాగదు. ఎమ్ 42 కటకమును అద్దముగల నికాన్ కెమెరాకు తగిలించినచో దగ్గఱి పూవు చక్కగ వచ్చునుగాని, దూరపు కొండ స్పష్టపడదు. కటక మొక మిల్లీమీటరు వెనుకకు జరుగవలసియుండగా చోటు లేదు. లోపల గాజుపలుకుగల అడాప్టర్లు ఇట్టివానికి దొరకునుగాని, చౌకరకపువి బొమ్మ స్పష్టతను చెఱచును.

మేము చేసిన పొరపాటు

లెక్క తెలిసినంతమాత్రమున పని తెలిసినట్లు కాదు. వెల మిక్కిలి తక్కువని సంతోషించి ఒక అంగడివాని మాటపై నొక వలయమును తెప్పించితిమి. 135 కటకము దానిలో టక్కున కూర్చుండెను. పెరటిలోని గోరింటపొదపై వ్రాలిన పిచ్చుకను తీయగా కంటిలో కాటుకతో సహా కనబడినట్లుండెను. అందఱమును మురిసితిమి. అంతకుమించి పరీక్షింపలేదు.

2023 జూలై 14వ తేది మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 పైకి లేచినది. మేము కుటుంబసహితముగ పులికాటు గట్టున జనులనడుమ నిలిచితిమి. పదికిలోమీటర్లకు పైబడిన దూరపు దృశ్యము గదా యని మా చిరంజీవిని కటకపు చుట్టును అనంతదూరపు గుఱుతువఱకు గట్టిగా త్రిప్పి, రంధ్రమును పూర్తిగా తెఱచి యుంచినది. మొదట వెలుగు, తరువాత తెల్లని పొగ, ఆ తరువాత చాలసేపటికి గుండెలపై గ్రుద్దినట్లు ధ్వని. అందఱును చప్పట్లు చఱచిరి. ఇంటికి వచ్చి పెద్దతెఱపై చూచుకొనగా ఒక్కటియు స్పష్టముగ రాలేదు. నిప్పుకొన నీటిలో తడిసిన కుంకుమవలె చెదరి యున్నది. ఆ రాత్రి బిడ్డ అన్నము ముట్టలేదు. పక్షి రేపు మరల వచ్చును. ఆ ఘడియ మరల రాదు.

తప్పెక్కడ నున్నదో తెలిసికొనుటకు మావారు వారము దినములు పట్టిరి. వలయము 28.5కన్న వెండ్రుకవాసి మందముగా నుండెను. వెండ్రుకవాసిలో నేమున్నదని మీరందురేమో! లెక్క చూడుడు. వలయము మిల్లీమీటరులో పదియవవంతు మందమెక్కువైనచో 135 కటకము ఇంచుమించు 180 మీటర్లకు ఆవల దేనిని స్పష్టముగ చూపలేదు. అదే తప్పుతో 50 కటకము 25 మీటర్ల దగ్గఱనే ఆగిపోవును. 24 మిల్లీమీటర్ల కటకమైనచో ఆఱు మీటర్లకే, అనగా వాకిలి దాటకమునుపే, దాని చూపు ఆగిపోవును. కటకపు పొడవు తగ్గినకొలది వలయపు తప్పు పెద్దదగునన్నమాట. గోరింటపొద పది యడుగుల దూరములో నుండెను గనుక ఆనాడు తప్పు బయటపడలేదు.

వలయము పలుచనైనచో నింత యాపద లేదు. కటకము అనంతదూరమును దాటి కొంచెము తిరుగును. దానిపై చెక్కిన అంకెలు మాత్రము సరిపోవు. అందుచేతనే కొందఱు తయారీదారులు కావలెననియే రవ్వంత పలుచన చేయుదురు. అట్టి వలయముతో గుఱుతును నమ్మరాదు, కంటిని నమ్మవలెను.

కాబట్టి సోదరీమణులారా, వలయమును కొన్ననాడే యీ పరీక్ష చేయుడు. రాత్రివేళ చంద్రునివైపుగాని, దూరపు టవరుదీపమువైపుగాని కెమెరాను త్రిప్పి కదలకుండ నిలుపుడు. కటకపు రంధ్రమును పూర్తిగా తెఱువుడు. తెఱపై బొమ్మను పెద్దది చేసి చూచుచు చుట్టును మెల్లగా కడవఱకు త్రిప్పుడు. స్పష్టత వచ్చి, దాటి, మరల చెడినచో వలయము పనికివచ్చును. స్పష్టపడుచుండగనే చుట్టు ఆగిపోయినచో ఆ వలయమును తిరిగి పంపివేయుడు. ఈ పరీక్షకు రెండు నిమిషములు పట్టును. అది చేయనందుననే మేమొక బిడ్డను ఏడిపించితిమి.

కటకమును ఎన్నుకొనునపుడు చూడవలసినవి

రాజహంస పాలను, నీటిని వేఱుచేయునని కావ్యములలో చదివియున్నాము. పాతకటకమును చేతబట్టినపుడు మనకును ఆ వివేకము కావలెను.

మొదటిది, కటకముపై రంధ్రమును పెద్దది చిన్నది చేయు చుట్టు ఉన్నదా యని చూడవలెను. ఎపర్చరు చుట్టు అని దానికి పేరు. అది యున్నచో వట్టి వలయముతో పని జరుగును. నికాన్‌వారి జీ అను గుఱుతుగల కటకములలో చుట్టు లేదు. వానికి వలయములోనే మీట యుండవలెను. కెనాన్ ఇఎఫ్ కటకములలో రంధ్రమును విద్యుచ్ఛక్తియే నడుపును. వానికి విద్యుత్తీగెలుగల వలయము కావలెను. దాని వెల యెక్కువ. సంస్థవారే చేసిన వలయమైనను అన్ని పనులు చేయుననుకొనరాదు. 2018లో నికాన్‌వారు జెడ్ కెమెరాలతోబాటు తెచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మోటారు లేదు. తనలో మోటారు లేని పాత నికాన్ కటకమును దానికి తగిలించినచో ఫోకసును చేతితో త్రిప్పుకొనవలసినదే.

రెండవది, కటకము పఱచు వెలుగువలయము సెన్సరునంతటిని కప్పునా యని చూడవలెను. ఫిలిముకాలపు 35 మిల్లీమీటర్ల కెమెరాల కటకములు పెద్ద సెన్సరునుగూడ కప్పును. చిన్న సెన్సరునకు చింత లేదు. చిన్న సెన్సరునకై చేసిన కటకమును పెద్దదానికి తగిలించినపుడు మూలలు చీకటి పడును. మా కెమెరాలోని సెన్సరు చిన్నది. ఫిలిముకన్న ఒకటిన్నర రెట్లు చిన్నదగుటచే మామగారి 135 కటకము దానిలో ఇంచుమించు 200 కటకమంత దగ్గఱగా చూపుచున్నది. దూరపు పక్షులకు ఇది లాభము. ఇంటిలోపల పదిమందిని తీయుటకు నష్టము.

మూడవది గాజు. కటకపు రంధ్రమును పూర్తిగా తెఱచి, వెనుకనుండి ఫోనుదీపము చూపి, ఏటవాలుగా లోపలికి చూడుడు. ఒకటి రెండు ధూళికణము లున్న భయము లేదు. సాలెగూటివలె సన్నని దారములు కనబడినచో అది బూజు. మామగారి 50 కటకమునకు తోలుసంచి యుండెను. 135 కటకము వట్టి గుడ్డలో నుండెను. గుడ్డలోనిది శుభ్రముగనే యున్నది, తోలుసంచిలోనిది బూజుపట్టినది. తోలు తేమను పీల్చి విడువదు. చెన్నపట్టణమున పనివానిచేత విప్పించి తుడిపించితిమిగాని, బూజు గాజుపైపూతను తినివేసిన చోట పొగచూరినట్లు చిన్న మచ్చ నిలిచిపోయెను. అది యిక పోదు. ప్రేమతో దాచుటయు వస్తువునకు చేటు తేగలదని అత్తగారు మిక్కిలి నొచ్చుకొనిరి.

మా తీరమువారికి ఈ బాధ మఱింత యెక్కువ. వాన వెలిసిన తరువాతను గాలిలో తేమ తగ్గదు. కటకములకు నూటికి నలువదినుండి యేబదివఱకు తేమ తగియుండును. మూత గట్టిగా బిగియు ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములు, తేమ కొలుచు చిన్న యంత్రము ఉంచినచో చాలును. రంగు మాఱు రకపు జెల్ అయినచో తేమ పీల్చినట్లు దాని రంగే చెప్పును. అపుడు వేడిచేసి ఆఱబెట్టి మరల వాడుకొనవచ్చును. సముద్రపు టొడ్డున మాత్రము కటకమును మార్చరాదు. ఉప్పుగాలి, ఇసుక రెండును సెన్సరునకు శత్రువులు. ఇంటివద్దనే తగిలించుకొని పోవుడు. తిరిగి వచ్చినపిదప పైభాగమును తడిపి పిండిన మెత్తనిగుడ్డతో తుడువుడు.

నేలపట్టు చెఱువుగట్టున

రెండవమాఱు వెల చూడక, పనితనము చూచి వలయమును కొంటిమి. అయినను అది గొలుసు విలువలో నూఱవవంతునకు రాదు. ఇత్తడి అంచుతో, లోపల వెలుగు తళుక్కుమనకుండ నల్లని పూతతో నది కటకమును ఊగనీయక పట్టుకొనుచున్నది.

తగిలించినంతనే కెమెరా పనిచేయకున్నచో భయపడకుడు. కెమెరాకు ఆ కటకమున్నట్లే తెలియదు. ‘కటకము లేకున్నను ఫొటో తీయవచ్చును’ అను ఏర్పాటు మెనూలో నుండును, దానిని ఒప్పుకొనవలెను. వెలుగును కెమెరాయే కొలిచి కాలమును నిర్ణయించుకొనును. రంధ్రము, ఫోకసు రెండును మన చేతిలోనివి. సెన్సరు వణకును సరిదిద్దు కెమెరా యైనచో కటకపు పొడవును అంకెలలో దానికి చెప్పవలెను. ఏ ఫొటోను ఎంత రంధ్రముతో తీసినది కెమెరా వ్రాసిపెట్టదు గనుక మా చిరంజీవిని చిన్న పుస్తకములో వ్రాసికొనుచున్నది.

ఎగురుచున్న పక్షివెంట చేతితో ఫోకసు త్రిప్పుట కష్టము. ఆ పనికి తనంత తాను ఫోకసు చేసికొను క్రొత్తకటకమే మేలని ఒప్పుకొనుచున్నాము. అయితే గూడబాతు పోయిన గూటికే తిరిగి వచ్చును. ద్రోణాచార్యులు చెట్టుపై పక్షిని చూపి యేమి కనబడుచున్నదని యడుగగా అర్జునుడు దాని శిరస్సు తప్ప వేఱేమియు కానరాలేదనెను గదా! మన మింకొక మెట్టు ముందునకు పోయి, పక్షి రాకముందే గూటిమీద ఫోకసు నిలిపి, ఊపిరి బిగబట్టి వేచియుండవలెను. తల్లి చేపలతో వచ్చి వ్రాలునపుడు రెక్కలు విప్పి ఒక్కక్షణము ఆగును. పిల్లలు దాని గొంతుసంచిలో తలలు దూర్చును. ఆ క్షణముననే మీట నొక్కవలెను. బాటనుండి తొలగి గూళ్ల దాపునకు పోరాదు. బెదరిన తల్లి లేచిపోయినచో ఆ గ్రుడ్లు కాకుల పాలగును. ఫొటోకై అంత పాపము కట్టుకొనరాదు.

2025 జనవరి 29వ తేది ఉదయము 6 గంటల 23 నిమిషములకు శ్రీహరికోటనుండి నూఱవ ప్రయోగముగా జీఎస్ఎల్‌వీ-ఎఫ్ 15 లేచినది. అదే గట్టు, అదే కటకము. ముందురాత్రి డాబాపై దూరపు దీపమును చూచి మా చిరంజీవిని ఫోకసు సరిచేసికొని, చుట్టు కదలకుండ నొక చిన్న టేపుముక్క అంటించినది. ఈమాఱు నిప్పుకొన కుదురుగా వచ్చినది. దానిక్రింద పులికాటు నీళ్లపై ఎఱ్ఱని చారయు వచ్చినది.

మచ్చపడిన 50 కటకము సంగతి మిగిలియున్నది. దీపమునకు ఎదురుగా త్రిప్పినచో దానిలో బొమ్మ వెలవెలబోవును. నీడపట్టున, వెలుగు ప్రక్కనుండి పడునట్లు చూచుకొన్నచో మచ్చ యున్నదన్న మాటయే తెలియదు. సంక్రాంతినాటి యుదయమున వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్న అత్తగారిని మా చిరంజీవిని దానితో తీసినది. ముఖముమీది ముడుతలు, ముక్కుపుడక, వ్రేళ్లకంటిన పసరు అన్నియు వచ్చినవి. అత్తగారు దానిని చాలసేపు చూచి, “ఆయన ఊరందఱిని తీసిరి. నేనెప్పుడును పొయ్యిదగ్గఱనే యుంటిని” అని మాత్రమే యని, చిక్కుడుకాయల బుట్ట లోపలికి తీసికొనిపోయిరి.

ఇప్పుడా రెండు కటకములును ట్రంకుపెట్టెలో లేవు. వంటయింటి అలమరలో ఊరగాయజాడీల పైయఱలో, గాలి చొఱని డబ్బాలో నున్నవి. ప్రతిదినము ఉదయమున కాఫీ త్రాగకమునుపే అత్తగారు కండ్లజోడు పెట్టుకొని ఆ డబ్బాలోని తేమయంత్రము చూతురు. అంకె యేబది దాటినచో, “అమ్మాయీ! పొట్లములు ఆఱబెట్టవలెను” అని మమ్ము కేకవేయుదురు.